గొర్రెలు కాయబోయి అడవిని కాచినవాడు

మహాసభల సంచిక అనగానే మన మహనీయుల జీవితకథలు నాలుగైనా ఉండడం ఆనవాయితీ. కందుకూరి గురించో గురజాడ గురించో నాకంటే బాగా రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను ఇరవై ఏళ్ళుగా ప్రోగ్రాములు రాసుకుంటూ బతుకుతున్న ఇంజనీరుని. అందుకని మనవాడు కాకపోయినా, ఈ దేశంలో ఇల్లు కట్టుకున్నందుకు మనకీ కొంత చెందే ఒకాయన కథ చెప్తాను. ఆయన పేరు జాన్ మ్యూర్.

పేరు మీరు విన్నదే. శాన్ ఫ్రాన్సిస్కోకి చుట్టాలొస్తే తీసుకెళ్ళే మ్యూర్ వుడ్స్ ఆయన పేరు మీదే ఉంది. కాలిఫోర్నియా పేరుతో 2005లో వచ్చిన పావలా డాలరు బిళ్ళ దొరికితే తిప్పి చూడండి. హాఫ్ డోమ్ కొండకేసి చూస్తూ, చేతికర్ర పట్టుకుని నిలబడ్డ గడ్డం మనిషి ఆయనే. ఆ గడ్డం చూసి నేను చాలాకాలం ఆయన్ని ఓ సాధువు అనుకున్నాను. చదివితే తెలిసింది, ఆయన మొదట మనలాంటి యంత్రాల మనిషి.

1838 ఏప్రిల్ 21న స్కాట్లాండులోని డన్‌బార్ అనే సముద్రతీరపు ఊళ్ళో పుట్టాడు. ఎనిమిదిమంది పిల్లల్లో మూడోవాడు. తండ్రి డేనియల్ మహా భక్తుడు, అంతకు మించిన కోపిష్టి. బైబిల్ అప్పజెప్పడంలో తడబడితే బెత్తం దెబ్బలు. మన వీధిబడుల్లో పద్యాలు బట్టీ పెట్టించినట్టే, పదకొండేళ్ళు వచ్చేసరికి ఆ కుర్రవాడికి కొత్త నిబంధన మొత్తం, పాత నిబంధన చాలావరకు నోటికి వచ్చేశాయి. 1849లో కుటుంబం విస్కాన్సిన్‌కి వలస వచ్చింది. అడవి కొట్టి పొలం చేయడం, దున్నడం, కోయడం, అన్నీ పిల్లల పనే.

రెండో పొలంలో నీళ్ళు లేవు. బావి తవ్వాలి. ఇసుకరాతి పొరలో 90 అడుగుల బావిని ఉలితో, సుత్తితో ఒంటరిగా తొలిచింది ఈ జానే. పొద్దున బొక్కెనలో దించేవారు, మధ్యాహ్నం తిండికి లాగేవారు, మళ్ళీ దించేవారు. 80 అడుగుల దగ్గర ఒకరోజు అడుగున చేరిన విషవాయువుకి స్పృహ తప్పబోయాడు. పాడుబావిలో దిగేముందు దీపం దించి చూడాలని మన పల్లెల్లో పిల్లలకి కూడా తెలుసు. డేనియల్‌కి తెలియలేదో, తోచలేదో. కొడుకుని బతికించి పైకి లాగాడు, ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ అదే బావిలోకి దించాడు.

ఆ ఇంట్లో రాత్రి పుస్తకం పట్టుకుని మేలుకోవడం నిషిద్ధం. కావాలంటే తెల్లవారుజామున ఎంత పెందలాడే అయినా లేచి చదువుకోమన్నాడు తండ్రి. మాటకి కట్టుబడక తప్పదుగా! జాన్ రాత్రి ఒంటిగంటకే లేవడం మొదలుపెట్టాడు. కాని ఆ చలిలో చదువు సాగక, నేలమాళిగలో చెక్కతో యంత్రాలు చేస్తూ కూర్చున్నాడు. పళ్ళచక్రాలతో సహా చెక్క గడియారాలు చేశాడు. చెప్పిన వేళకి మనిషిని ఎత్తి నిలబెట్టేసే మంచం చేశాడు. 1860లో వాటిని మాడిసన్‌లో రాష్ట్ర వ్యవసాయ ప్రదర్శనకి మోసుకెళితే జనం విరగబడి చూశారు. దాంతో విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ చేసిన చదువుబల్ల మాడిసన్‌లోని చరిత్ర సంస్థ దగ్గర ఇప్పటికీ ఉంది. ఒక పుస్తకాన్ని నిర్ణీత సమయం సేపు తెరిచి ఉంచి, టైము అయిపోగానే దాన్ని దించేసి, తర్వాతి పుస్తకాన్ని పైకి తెస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో టైమ్ స్లైసింగ్ గురించి బుర్ర బద్దలు కొట్టుకున్నవాళ్ళకి ఆ బల్ల చూస్తే నవ్వొస్తుంది.

డిగ్రీ పూర్తి చేయలేదు. కొంతకాలం కెనడాలో ఒక మిల్లులో, అది తగలబడ్డాక ఇండియానాపొలిస్‌లో బండి చక్రాల సామాను చేసే ఫ్యాక్టరీలో పనిచేశాడు. పని ఎక్కడ నిలిచిపోతోందో, బెల్టులు ఎక్కడ జారుతున్నాయో చూసి సరిచేయడంలో దిట్ట. యజమానులకి ఆయన మీద గొప్ప గురి. ఆ దారిలోనే వెళ్ళి ఉంటే ఫ్యాక్టరీ యజమానిగా పోయేవాడు, మనకి పేరు కూడా తెలిసేది కాదు.

1867 మార్చిలో ఒక సాయంత్రం యంత్రం బెల్టు బిగిస్తుంటే చేతిలో ఉన్న ఆకురాయి జారి దాని మొన కుడికంట్లో దిగింది. ఆ కన్ను పోయింది. దానితో పాటు రెండో కన్నూ మసకబారి పోయింది. వారాల తరబడి చీకటి గదిలో పడుకున్నాడు. వయసు ఇరవై తొమ్మిది నిండబోతోంది. ఆ గదిలో ఆయన బెంగ ఉద్యోగం గురించి కాదు, పువ్వుల్నీ చెట్లనీ ఇక చూడలేనేమోనని. చూపు నెమ్మదిగా తిరిగొచ్చింది. యజమానులు పదోన్నతి ఇస్తామన్నారు. ఆయన దణ్ణం పెట్టి, సెప్టెంబరులో కాలినడకన బయలుదేరాడు.

కెంటకీ నుంచి ఫ్లోరిడా సముద్రం దాకా సుమారు వెయ్యి మైళ్ళు. సంచిలో రెండు మూడు పుస్తకాలు, ఆకులు అద్దిపెట్టుకునే చట్రం, ఒక జత లోబట్టలు. నోటు పుస్తకం మీద చిరునామా రాసేచోట ఊరూ వీధీ కాక ఏకంగా భూగోళాన్నే రాసుకున్నాడు. ఫ్లోరిడాలో మలేరియా పట్టుకుని నెలల తరబడి పడుకోబెట్టింది. అమెజాన్‌కి వెళదామనుకున్నవాడు దారి మార్చి, 1868 మార్చిలో ఓడలో శాన్ ఫ్రాన్సిస్కో చేరాడు. ఊళ్ళో నిలవలేదు. అడవి ఎటో కనుక్కుని నడక మొదలుపెట్టాడు.

చేతిలో డబ్బులేదు. 1869 వేసవిలో రెండు వేల గొర్రెల మందని సియెర్రా కొండల మీదికి తోలుకెళ్ళే పనికి కుదిరాడు. కాయడానికి వేరే కాపరి ఉన్నాడు. ఈయన పని మందా కాపరీ దారి తప్పకుండా చూడడం. ఆ మూడు నెలల్లో ఆయన యోసెమిటీ పైన తువాలమీ పచ్చికబయళ్ళు చూశాడు, కొండలెక్కాడు, పువ్వుల బొమ్మలు వేసుకున్నాడు. ఇంకొకటి కూడా చూశాడు. మంద దాటిన చోట పువ్వు లేదు, గడ్డి లేదు, మొలక లేదు. మిడతల దండు పడ్డట్టు నేల బోసిపోయింది. ఏ గొర్రెల కూలితో ఆ కొండలు చూడగలిగాడో ఆ గొర్రెల్నే అక్కడినుంచి వెళ్ళగొట్టించడానికి తర్వాత ఇరవై ఏళ్ళకి నడుం కట్టాడు.

ఆ తర్వాత యోసెమిటీ లోయలో ఒక హోటలు యజమాని దగ్గర కలపకోత మిల్లు నడిపాడు. కోసింది గాలికి పడిపోయిన చెట్లనే. కట్టుకున్న గుడిసెలో ఒక మూల నుంచి చిన్న పిల్లకాలువ పారేట్టు చేసుకున్నాడు, రాత్రి ఆ చప్పుడు వింటూ నిద్రపోవడానికి. ఇంజనీరింగు అంటే అలా ఉండాలి!

ఆ రోజుల్లోనే ఆయనకీ రాష్ట్ర భూగర్భశాస్త్ర అధిపతి జోసయా విట్నీకీ తగువొచ్చింది. లోయ అడుగు ఒక్కసారిగా కుంగిపోవడం వల్ల యోసెమిటీ ఏర్పడిందని విట్నీ సిద్ధాంతం. కాదు, హిమానీనదాలు ఒరుసుకుంటూ చెక్కాయని మ్యూర్ వాదన. గొర్రెలు తోలుకునేవాడికేం తెలుసని పెద్దాయన కొట్టిపారేశాడు. మ్యూర్ మాటలతో సరిపెట్టలేదు. 1872లో ఎత్తైన కొండల మధ్య మిగిలి ఉన్న మంచులో వరసగా గుంజలు పాతి, కొన్ని వారాల తర్వాత వెళ్ళి కొలిచాడు. గుంజలు రోజుకి సుమారు ఒక అంగుళం చొప్పున కిందికి కదిలాయి. అంటే అది పేరుకుపోయిన మంచు కాదు, పారే నది. మంచు అన్నిచోట్లా కప్పేసిందన్న దాకా వెళ్ళడం ఆయన అతిశయమే. నదులు అంతకు ముందే చాలా కోశాయని తర్వాతి శాస్త్రవేత్తలు తేల్చారు. అయినా అసలు విషయంలో గొర్రెలు తోలినవాడే గెలిచాడు. విచిత్రం ఏమిటంటే, యోసెమిటీ నుంచి 211 మైళ్ళు సాగే జాన్ మ్యూర్ ట్రైల్ చివరికి వెళ్ళి ఆగేది మౌంట్ విట్నీ శిఖరం మీద.

ఆయన అడవికి వెళ్ళే పద్ధతి గురించి చెప్పకపోతే ఈ కథకి ఉప్పు లేనట్టే. మనం ఒక రాత్రి క్యాంపింగ్‌కి రెండు కార్ల సామాను వేస్తాం. టెంటు, గాలి పరుపు, రైస్ కుక్కరు, పులిహోర, మూడు రకాల పచ్చళ్ళు. ఆ పచ్చళ్ళ వాసనకి ఎలుగుబంటి వస్తుందని రాత్రి వాటిని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేయడం. మ్యూర్ సామాను కాస్త రొట్టె, కాస్త టీపొడి, ఒక నోటు పుస్తకం. చాలాసార్లు దుప్పటి కూడా లేదు. చలేస్తే మంట వేసుకునేవాడు, మంటకి పుల్ల దొరక్కపోతే తెల్లారేదాకా అటూ ఇటూ నడిచేవాడు. 1874 డిసెంబరులో పెనుగాలి రేగితే అందరూ ఇళ్ళల్లో దూరారు. ఆయన అడవిలోకి పోయి, ఎత్తైన చెట్టు చూసి చిటారుకొమ్మ దాకా ఎక్కి, గంటల తరబడి గాలితో పాటు ఊగాడు. మరుసటి ఏడు శాస్తా పర్వతం మీద మంచు తుఫానులో చిక్కి, తోటివాడితో కలిసి రాత్రంతా వేడి ఆవిర్లు చిమ్మే బురదలో పడుకున్నాడు. కింద కాలుతోంది, పైన గడ్డకడుతోంది. ఇవేవీ మీ పిల్లలకి సలహాగా చెప్పకండి.

ఆయన రాతల్లో మచ్చలేదని నేను అనను. తను మురిసిపోయిన ఆ లోయ ఖాళీగా ఉన్నది కాదు. అవానీచీ అనే ఆదివాసులు తరతరాలుగా అక్కడ బతికారు. 1851లో కాలిఫోర్నియా సాయుధదళం ఒకటి వాళ్ళ ఊళ్ళు తగలబెట్టి తరిమింది. ఇది జరిగి ఇరవై ఏళ్ళు కాకముందే అక్కడికి వచ్చిన మ్యూర్, దారిలో కలిసిన ఆదివాసుల గురించి చులకనగా, అసహ్యంగా రాశాడు. అలాస్కాలో ట్లింగిట్ జనంతో పడవల్లో తిరిగాక ఆ చూపు కొంత మారింది గాని, రాసింది రాసినట్టే ఉంది. ఆయన పెట్టిన సియెర్రా క్లబ్బే 2020లో ఈ సంగతి బాహాటంగా ఒప్పుకుంది. మన నల్లమలలో చెంచులు ఉన్న అడవినే కదా మనమూ పులుల అడవి అని మాత్రమే పిలుస్తున్నది. కనుక ఈ విషయం పక్కనపెట్టి ఆయన కథ చెప్పడం నాకు ఇష్టంలేదు.

1880 ఏప్రిల్‌లో, నలభై రెండేళ్ళు నిండడానికి వారం ముందు, లూయీ స్ట్రెంట్‌జెల్‌ని పెళ్ళి చేసుకున్నాడు. మామగారు పోలండు నుంచి వచ్చిన డాక్టరు. మార్టినెజ్‌లో పెద్ద పళ్ళతోట ఉంది. మన లెక్కలో ఇల్లరికపుటల్లుడే! ద్రాక్ష, పియర్, ఏవి అమ్ముడుపోతాయో లెక్కచూసి అవే వేయించాడు. బేరాల్లో గట్టివాడు, డబ్బు బాగా నిలవేశాడు. ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, వాండా, హెలెన్. వాళ్ళకోసం ఎంతైనా చేసేవాడు. అడవికి పోవడం తగ్గింది, రాయడం దాదాపు ఆగిపోయింది. మనిషి చిక్కి, దగ్గుతో సగమయ్యాడు.

నాకు ఆయన జీవితంలో అన్నిటికంటే దగ్గరగా అనిపించే భాగం ఇదే. చెట్టెక్కి ఊగినవాడు కాదు, నలభైల్లో లెక్కలపుస్తకం ముందు కూర్చున్నవాడు. ఇంటి అప్పు, పిల్లల స్కూలు, ఆఫీసు ఫోను, వీటిమధ్య తిరిగే మనలో ఎవరికి ఆయన ముఖం తెలియదు? ఆయన్ని అక్కడినుంచి లేపింది భార్య. 1888లో ఆయన ఉత్తరాన కొండలకి వెళ్ళినప్పుడు, ఒక మనిషి బతుకునీ చేయాల్సిన పనినీ బలికోరే తోటని వదిలేసుకోవడమే మేలని ఉత్తరం రాసింది. తను అడవులు తిరిగే మనిషి కాదు, పియానో అంటే ఇష్టం. అయినా ఆ మాట అన్నది తనే. తోటని కొంత కౌలుకిచ్చి, కొంత బంధువులకి అప్పగించి ఆయన బయటపడ్డాడు. అప్పటికి వయసు యాభై. ఆయన పేరు చెప్పగానే లోకం తలుచుకునే పనులన్నీ ఆ తర్వాతివే.

1889లో పత్రికా సంపాదకుడు రాబర్ట్ అండర్‌వుడ్ జాన్సన్‌తో తువాలమీలో నెగడు పక్కన కూర్చుని, గొర్రెలు తినేసిన బయళ్ళు చూపించాడు. లింకన్ 1864లోనే యోసెమిటీ లోయని రాష్ట్రానికి అప్పగించాడు గాని, చుట్టూ ఉన్న ఎత్తైన అడవికి ఏ కాపలా లేదు. మరుసటి ఏడు మ్యూర్ సెంచురీ పత్రికకి రెండు వ్యాసాలు రాయడం, జాన్సన్ వాషింగ్టన్‌లో తిరగడం, 1890 అక్టోబరు 1న నేషనల్ పార్కు చట్టం రావడం జరిగిపోయాయి. 1892లో సియెర్రా క్లబ్బు పుట్టింది. చనిపోయేదాకా ఆయనే అధ్యక్షుడు.

1901లో క్లబ్బు మొదటిసారి జనాన్ని తువాలమీకి క్యాంపింగ్‌కి తీసుకెళ్ళింది. దాదాపు వందమంది, వారిలో ఆడవాళ్ళూ ఉన్నారు. మ్యూర్ తన కూతుళ్ళతో వచ్చి, నెగడు దగ్గర కబుర్లు చెప్పాడు. జీవితమంతా ఒంటరిగా తిరిగినవాడు ఆ గుంపుని సంతోషంగా భరించడానికి కారణం ఉంది. చూసినవాడే రేపు చట్టసభకి ఉత్తరం రాస్తాడని ఆయనకి బాగా తెలుసు. 1903 మేలో ప్రెసిడెంటు రూజ్‌వెల్ట్ తనకోసం ఏర్పాటుచేసిన విందు ఎగ్గొట్టి మూడు రాత్రులు ఆయనతో అడవిలో పడుకోవడం అందరికీ తెలిసిన కథ. రెండో రాత్రి నిద్రలో మీద మంచు కురిస్తే ప్రెసిడెంటు చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడట. 1906లో లోయ కూడా నేషనల్ పార్కులో కలిసింది. రూజ్‌వెల్ట్‌ని సాగనంపాక మ్యూర్ ప్రపంచయాత్రకి వెళ్ళి, మనదేశంలో హిమాలయాలనీ దేవదారు వృక్షాలనీ కూడా చూసొచ్చాడు.

ఇక ఓడిపోయిన కథ. యోసెమిటీ లోయకి వాయవ్యంగా, అదే పార్కులో, దాని తోబుట్టువులాంటి ఇంకో లోయ ఉండేది. పేరు హెచ్ హెచ్చీ. అవే గ్రానైటు గోడలు, అవే జలపాతాలు, నేలమీద పచ్చిక, ఓక్ చెట్లు. 1906 భూకంపంలో శాన్ ఫ్రాన్సిస్కో తగలబడింది. మంటలార్పడానికి నీళ్ళు రాకపోవడానికి కారణం గొట్టాలు పగలడం. అయినా ఆ మంట చూపించి నగరం ఆ లోయలో డ్యామ్ అడిగింది. 1908లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వమే అనుమతి ఇచ్చింది. దేశపు అటవీశాఖ అధిపతి, మ్యూర్‌కి ఒకప్పటి స్నేహితుడు గిఫర్డ్ పించో డ్యామ్ పక్షాన నిలబడ్డాడు. లక్షలమంది దాహం ముందు, ఏడాదికి కొద్దిమంది మాత్రం చూసే లోయ ఎంతని వాదించారు. డెబ్బై దాటిన మనిషి ఊపిరితిత్తులు బాగాలేకపోయినా కరపత్రాలు రాస్తూనే ఉన్నాడు. 1913 డిసెంబరు 19న ప్రెసిడెంటు విల్సన్ సంతకం పెట్టాడు. 1914 డిసెంబరు 24న లాస్ ఏంజిలిస్ ఆసుపత్రిలో న్యుమోనియాతో మ్యూర్ పోయాడు. అలాస్కా పుస్తకం రాత ఇంకా పూర్తికాలేదు. ఓషానెసీ డ్యామ్ 1923లో లేచింది.

ఇక్కడ నేను ఎటువైపో తేల్చుకోవడం నాకంత తేలిక కాదు. మాది సాగర్ కుడికాలువ కింది పల్లె. ఆ నీళ్ళు రాకముందు మా తాతల కాలంలో జొన్న పండితే పండగ. ఆ కాలువ మీద పండిన వడ్లతోనే నా ఇంజనీరింగు ఫీజు కట్టారు. ఆ నీళ్ళ కింద నాగార్జునకొండ లోయ ఉంది. దొరికినన్ని శిల్పాల్ని తవ్వి, కొండమీద మ్యూజియంలో పెట్టారు. శ్రీశైలం డ్యామ్ వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపూర్‌లో కట్టారు. గుళ్ళు కదిలాయి గాని ఊళ్ళు కదల్లేదు, మునిగిపోయాయి. మా పొలంలో నిలబడి ఎవరైనా ఆ డ్యామ్ వద్దంటే మా నాన్న కర్ర తీసుకునేవాడు. ఆయన తప్పని నేను అనలేను. సన్నీవేల్‌లో, మిల్పిటస్‌లో, పాలో ఆల్టోలో మన ఇళ్ళ కుళాయిల్లో వచ్చేది కూడా చాలాభాగం హెచ్ హెచ్చీ నీళ్ళే. పంపుల సాయం లేకుండా వాలు మీదే 167 మైళ్ళు వస్తాయి. ఇంజనీరుగా దానికి చేతులెత్తి మొక్కాలి.

అయితే ఒక చిన్న లెక్క ఉంది. ఆ నీళ్ళని వడపోయనక్కర్లేదు, క్రిములు చావడానికి శుద్ధిచేస్తే చాలు. దేశంలో ఇంత పెద్ద నగరాల్లో అలాంటి నీళ్ళున్నవి చాలా తక్కువ. కారణం, అవి పడి పారేదంతా గొర్రెలూ గనులూ ఇళ్ళూ లేని పార్కు అడవి. 1890లో మ్యూర్ పట్టుబట్టి కాపాడించినది. ఆయన్ని ఓడించినవాళ్ళు తాగుతున్నది ఆయన గెలిచిన అడవి నీళ్ళే. ఆ ఓటమి కూడా వృథా పోలేదు. 1950ల్లో కొలరాడో, యూటా సరిహద్దులో ఎకో పార్క్ దగ్గర డ్యామ్ కట్టబోతే, మునగకముందు మునిగాక తీసిన హెచ్ హెచ్చీ ఫొటోలు చూపించి ఆపించారు.

యోసెమిటీకి మనవాళ్ళు వెళ్ళని లాంగ్ వీకెండ్ లేదు. లోయలో పార్కింగు దొరకడానికి గంట, ఫొటోలకి గంట. అదే పార్కులోని హెచ్ హెచ్చీకి మాత్రం చాలామంది వెళ్ళరు. మేము మే నెలలో ఒక శనివారం వెళ్ళాం. డ్యామ్ మీదనుంచి నడిచి, కొండలో తొలిచిన సొరంగం దాటితే, ఎడమపక్క గ్రానైటు గోడ, కుడిపక్క నీలంగా నీళ్ళు, ఎదురుగా కొలానా శిఖరం. ఆ పూటంతా మా గొంతులు తప్ప తెలుగు వినపడలేదు. నీళ్ళలో దిగనివ్వరు, పడవ వేయనివ్వరు, తాగేవి కనుక. మా పెద్దమ్మాయి రెయిలింగు పట్టుకుని, అడుగున ఇంకా చెట్ల మొదళ్ళు ఉంటాయా అని అడిగింది. కట్టేముందు నరికేశారని చెప్పాను.

వపామా జలపాతానికి రానూ పోనూ ఐదు మైళ్ళు. మంచు కరిగే రోజుల్లో దాని హోరు చూడాల్సిందే గాని, మరీ ఉధృతంగా ఉంటే అక్కడి వంతెనల మీదికి నీళ్ళొచ్చి దారి మూసేస్తారు. బయలుదేరే ముందు కనుక్కోండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు డ్యామ్ మీదిదాకా హాయిగా నడవొచ్చు. చీకటి పడ్డాక గేటు తెరిచి ఉండదు, టైము చూసుకోండి. పులిహోర పట్టుకెళ్ళండి, మిగిలింది మాత్రం ఎలుగుబంట్లకి వదలకండి.